చూడకుండా గీసిన బొమ్మ

చదువుకునే రోజుల్లో నా బోటనీ రికార్డులో ఉల్లిపొర కణాల బొమ్మకి పదికి పది మార్కులొచ్చాయి. ఇటుకలు పేర్చినట్టు వరసగా గళ్ళు, ఒక్కో గడిలో ఓ గుండ్రటి కేంద్రకం, స్కేలు పెట్టి గీసిన బాణాలు, వాటి చివర పొందిగ్గా పేర్లు. లెక్చరర్ ఆ పేజీని క్లాసులో అందరికీ చూపించారు కూడా. నిజానికి నేను మైక్రోస్కోపులోకి చూసింది మహా అయితే పది సెకన్లు. కనిపించింది కాస్త మసక, కాస్త వెలుతురు, నా కనురెప్పల వెంట్రుకలు. వెనకాల క్యూలో ఇంకా ఇరవై మంది ఉన్నారు. సీటుకొచ్చి, టెక్స్ట్‌బుక్ తెరిచి, అందులో ఉన్న బొమ్మని దించేశాను. క్లాసు మొత్తం చేసిందదే.

చాలాకాలం దాన్ని సైన్సు విషయంలో చేసిన మోసంగా లెక్కేసుకున్నాను. పరిశీలించకుండానే పరిశీలన రాశాను కదా. ఈమధ్య మాత్రం అది బొమ్మలు గీయడం రాకపోవడం వల్ల జరిగిన తప్పేమో అనిపిస్తోంది. ఆ పది సెకన్లలో నాకు ఏమీ కనపడకపోవడానికి లెన్సు కారణం కాదు. చూడ్డం అనేది నేర్చుకోవాల్సిన పని అని మాకు ఎవరూ చెప్పలేదు. బొమ్మలు వేసేవాళ్ళకి మొదటిరోజే తెలిసే సంగతి అది.

"కవిత్వం, కళ, సైన్సు మూడూ మనిషి ప్రగతికి అవసరమే" అని సభల్లో అంటుంటారు. అందరూ తలలూపుతారు. ఆ మాట వింటే నాకు చిరాకు. అది మర్యాద కోసం అనే మాట. సైన్సు సంపాదించుకొస్తుంది, మిగతా రెండూ ఆదివారం సాయంత్రం కాలక్షేపం అనే లెక్క దాని అడుగున ఉంటుంది. కవికి సన్మానం చేసి శాలువా కప్పేది కూడా చాలావరకు ఆ లెక్కతోనే. నేను చెప్పదలుచుకున్నది వేరు. కవిత్వమూ కళా సైన్సు పని అయిపోయాక అలంకరించడానికి రావు, పని మొదలవ్వక ముందే వస్తాయి. అక్కడ అవి లేకపోతే కొలవడానికి ఏముందో కూడా మనకి తెలియదు.

చందమామతో మొదలుపెడతాను.

1609 వేసవిలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే ఆయన దుర్భిణితో చంద్రుణ్ణి చూసి ఒక బొమ్మ గీశాడు. దుర్భిణిలో చూసి గీసిన చంద్రుడి బొమ్మల్లో మనకి దొరికిన మొదటిది అదే. గెలీలియో కంటే కొన్ని నెలల ముందు గీసినది. హారియట్ ఆషామాషీ మనిషి కాదు. బీజగణితంలో ఉద్దండుడు. కాంతి గాజులోకి వెళ్ళేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సూత్రాన్ని, ఇవాళ మనం వేరేవాళ్ళ పేరుతో చదువుకునేదాన్ని, అప్పటికే పట్టుకున్నవాడు. అంతటివాడి బొమ్మలో ఏముందంటే వెలుగుకీ చీకటికీ మధ్య ఓ వంకరటింకర గీత, అక్కడక్కడా కొన్ని మచ్చలు. అంతే.

ఆ ఏడాది చివర్లో గెలీలియో అదే చంద్రుణ్ణి చూశాడు. కుంచెతో, పల్చటి గోధుమరంగు సిరాతో ఆయన వేసిన బొమ్మల్లో గుంటలున్నాయి, గట్లున్నాయి, వాటి నీడలున్నాయి. ఆయన దుర్భిణి ఇంచుమించు ఇరవై రెట్లు పెద్దది చేసి చూపేది, హారియట్‌ది ఆరు రెట్లే. ఆ తేడాని నేను దాచను. కానీ తేడా అదొక్కటే కాదు. గెలీలియోకి ఫ్లారెన్స్ చిత్రకారులతో సావాసం ఉంది. పర్‌స్పెక్టివ్ (చదునైన కాగితం మీద దగ్గరా దూరం చూపించే విద్య) పాఠాలు, వెలుగునీడల పాఠాలు ఒంటబట్టాయి. చిగోలి అనే చిత్రకారుడు ఆయనకి ప్రాణస్నేహితుడు. గుండ్రటి వస్తువు మీద పక్కనుంచి వెలుతురు పడితే బుడిపె నీడ ఎటు పడుతుంది, గుంట నీడ ఎటు పడుతుంది అన్నది ఆ ఊళ్ళో బొమ్మలు నేర్చుకునే కుర్రాళ్ళకి ఓనమాలు. హారియట్‌కి మచ్చ కనిపించిన చోట గెలీలియోకి నీడ కనిపించింది. మచ్చ అంటే ఒట్టి రంగే. నీడ ఉందంటే మాత్రం దాని పక్కన ఏదో ఎత్తుగా నిలబడి ఉండాలి.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. చంద్రుడి చీకటి భాగంలో, వెలుగు అంచుకి కాస్త ఎడంగా, చిన్న చిన్న వెలుగు చుక్కలున్నాయి. గంటలు గడిచేకొద్దీ అవి పెద్దవై, చివరికి వెలుగులో కలిసిపోయాయి. లోయ ఇంకా చీకట్లో ఉండగానే కొండకొమ్ముకి తొలి ఎండ తగులుతుంది కదా, ఇదీ అదే అనుకున్నాడు. ఇక్కడితో ఆగిపోతే అది చక్కటి ఉపమానం, అంతవరకే. గెలీలియో ఆగలేదు. ఆ చుక్కలు అంచు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో అంచనా కట్టాడు. కొన్ని చంద్రుడి వ్యాసంలో ఇరవయ్యో వంతు దూరంలో ఉన్నాయి. వ్యాసం సుమారు 2,000 మైళ్ళనుకుంటే ఆ దూరం 100 మైళ్ళు, వ్యాసార్ధం 1,000. లంబకోణ త్రిభుజం వేసుకుంటే కర్ణం 10,10,000కి వర్గమూలం, అంటే దాదాపు 1,005. అందులోంచి వ్యాసార్ధం తీసేస్తే మిగిలేది కొండ ఎత్తు, నాలుగు మైళ్ళ పైమాటే. హైస్కూలు పిల్లలు కూడా చేసేస్తారు ఈ లెక్క. అయితే మచ్చని నీడగా చూడలేనివాడికి, వాడు ఎంత గొప్ప గణితవేత్త అయినా, ఈ లెక్క మొదలే కాదు.

గెలీలియో పుస్తకం 1610 మార్చిలో అచ్చయింది. దాని తర్వాత హారియట్ గీసిన బొమ్మల్లోకి గుంటలు వచ్చి చేరాయి! ఒకరి చూపు ఇంకొకరికి అంటుకుందన్నమాట. ఇంకో తమాషా ఏంటంటే, గెలీలియో తన పుస్తకంలో ఒక గుంటని ఉన్నదానికంటే బాగా పెద్దది చేసి వేశాడు. బొమ్మతో వచ్చే చిక్కు అదే. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

స్పెయిన్‌లో రామోన్ ఇ కహాల్ అనే కుర్రాడికి చిత్రకారుడవ్వాలని ఉండేది. తండ్రి పట్టుబట్టి వైద్యంలోకి తోశాడు. (ఈ కథ ఎక్కడైనా ఒకటే.) 1873లో ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ నాడీకణజాలానికి వెండి లవణంతో రంగు పట్టించే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దాని విచిత్రం ఏంటంటే, వందలో ఏవో కొన్ని కణాలకే రంగు పడుతుంది, పట్టినవాటికి మాత్రం మొదలు నుంచి కొసల దాకా పడుతుంది. అడవి మొత్తం మాయమై ఒకట్రెండు చెట్లు మాత్రం రెమ్మలతో సహా నిలబడ్డట్టు ఉంటుంది. గోల్జీకి ఆ స్లైడుల్లో అంతా ఒకదానిలోకొకటి కలిసిపోయిన పెద్ద వల కనిపించింది. కహాల్ అదే పద్ధతికి మెరుగులు దిద్ది, అలాంటి స్లైడుల్లోనే విడివిడి చెట్లు చూశాడు. ఒకదాని కొమ్మ ఇంకోదాని దాకా వస్తుంది, తాకకుండా ఆగిపోతుంది. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, ఆ నోబెల్ ఉపన్యాసంలోనే గోల్జీ కహాల్ వాదాన్ని కొట్టిపారేశాడు. ఆ ఖాళీ నిజంగా ఉందని కంటికి కనబడటానికి 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది. ఆ ఖాళీ వెడల్పు సుమారు 20 నానోమీటర్లు.

గోల్జీకి బొమ్మలు రావని కాదు, ఆయన కూడా బాగానే గీశాడు. కాబట్టి "కళ తెలిసినవాడు గెలిచాడు" అని తేల్చేస్తే కుదరదు. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి. మాటలతో రాసేటప్పుడు "కొసలు కలిసినట్టు కనిపిస్తున్నాయి" అని తప్పించుకోవచ్చు. గీత గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. గీత ఇక్కడ ఆగాలా, ఇంకాస్త సాగాలా? చెయ్యి తేల్చుకుని తీరాలి. వేల బొమ్మలు గీసిన మనిషి అన్ని వేలసార్లూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకున్నాడు.

ఇక కవిత్వం. ఇక్కడ నా గొడవ ఒక మహాకవితోనే.

క్రీస్తుకి ముందు ఒకటో శతాబ్దంలో రోమన్ కవి లుక్రీషియస్ పరమాణువుల గురించి లాటిన్‌లో ఏడువేల పైచిలుకు పంక్తుల కావ్యం రాశాడు. ఇదంతా పద్యాల్లో ఎందుకు చెప్తున్నాడో ఆయనే చెప్పుకున్నాడు. పిల్లాడికి చేదుమందు తాగించేటప్పుడు వైద్యుడు గిన్నె అంచుకి తేనె రాస్తాడు కదా, అలాగన్నమాట. సిద్ధాంతం మందు, కవిత్వం తేనె. ఈ రెండువేల ఏళ్ళలో ఈ పోలిక ఎంతగా పాతుకుపోయిందంటే, ఇవాళ సైన్సుని జనంలోకి తీసుకెళ్ళాలి అనేవాళ్ళు సైతం కవిత్వానికి ఇచ్చే ఉద్యోగం అదే. అంచుకి పూసే పని.

కానీ లుక్రీషియస్ తన కావ్యంలో చేసింది తను చెప్పుకున్నదానికి విరుద్ధంగా ఉంది. చీకటి గదిలోకి కిటికీ సందులోంచి ఎండ పడితే అందులో ధూళి నలుసులు గిరగిర తిరుగుతూ కనిపిస్తాయి. కంటికి కనపడని చిన్న కణాలు తమకంటే పెద్దవాటిని నెడితే, అవి ఇంకా పెద్దవాటిని నెడితే, చివరికి మన కంటికి ఆనే కదలిక ఇదేనంటాడు. ఇందులో తేనె ఏది, మందు ఏది? ఆ ఎండలో నలుసుల్ని తీసేస్తే సిద్ధాంతం కూడా మిగలదు. నిజం చెప్పాలంటే ఆ ధూళి తిరిగేది ఎక్కువగా గాలి వాటానికి, ఆయన ఉదాహరణ తప్పే. ఆలోచన మాత్రం తప్పు కాదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి లోపలి నలుసులు నీళ్ళలో ఊరికే ఎగిరిపడుతుంటే చూశాడు, 1905లో ఐన్‌స్టైన్ దానికి లెక్క కట్టాడు, ఆ తర్వాత కొద్దేళ్ళకే ఫ్రెంచి శాస్త్రవేత్త పెరాన్ కొలిచి చూపించాడు. పరమాణువులు లేవని మొండికేసిన పెద్దలు చాలావరకు అప్పుడు ఒప్పుకున్నారు. కనిపించేదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని లాగడాన్ని అలంకారశాస్త్రంలో ఏమన్నా అననివ్వండి, సైన్సులో దాన్ని పరికల్పన అంటాం.

పోలిక లేకుండా సైన్సుకి నోరు లేదు. విద్యుత్తుకి "ప్రవాహం" అని పేరు పెట్టాం, పారేదైతే ఎటు పారుతోందో చెప్పాలి కదా. ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియని పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాంక్లిన్ ప్లస్, మైనస్ అని ఊహించి పెట్టేశాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నాక తెలిసింది, తీగలో కదిలేవి మైనస్ నుంచి ప్లస్‌కి పోతున్నాయని. ఈరోజుకీ సర్క్యూట్లలో బాణం గుర్తు తిరగేసే గీస్తున్నాం. పోలికకి కట్టే వడ్డీ అది.

మన భాషలోనే ఇంకోటి చూడండి. 1665లో రాబర్ట్ హుక్ కార్కు ముక్కలో గళ్ళు చూసి వాటికి చిన్నగది అనే అర్థమొచ్చే "సెల్" అనే పేరు పెట్టాడు. మనం దాన్ని తెలుగులో "కణం" చేసుకున్నాం. గదికి గోడలుంటాయి, లోపల ఉంటుంది, లోపలికీ బయటికీ రాకపోకలుంటాయి. కణం అంటే నలుసు, దానికి లోపలేముంటుంది? పైగా ఫిజిక్సులో పార్టికల్‌కి కూడా కణం అనే అంటాం. కణత్వచం, కణకవచం అనే మాటలు నాకు చిన్నప్పుడు ఎంత బట్టీపట్టినా ఎక్కేవి కావు. నలుసుకి చర్మమేంటి, కవచమేంటి! "గది" అని ఎవరైనా ఒక్కసారి అని ఉంటే మార్కుల కోసం కాకుండా అర్థమై చదువుకునేవాణ్ణి. ఆ మాట తయారుచేసినవాళ్ళని తప్పుపట్టడం లేదు. మాట తయారుచేయడం కవి చేసే పనే అని మాత్రం అంటున్నాను.

కవికీ శాస్త్రవేత్తకీ తేడా వచ్చేది పోలికని ఎప్పుడు వదిలేస్తారన్న దగ్గర. మైకేల్ ఫారడేకి గణితం దాదాపు రాదు. అయస్కాంతం చుట్టూ ఇనుపరజను పేర్చుకునే తీరు చూసి, ఖాళీ నిండా బలరేఖలు ఉన్నాయని ఊహించుకున్నాడు. మాక్స్‌వెల్ ఆ రేఖల్ని ముందు నీటి గొట్టాల్లా ఊహించాడు, తర్వాత సుడులుగా, ఆ సుడుల మధ్య దొర్లే చిన్న బంతులుగా ఊహించాడు. 1862లో ఆ లేని సుడుల లెక్కల్లోంచే కాంతి వేగం బయటపడింది! కాంతి విద్యుదయస్కాంత తరంగమని మనిషికి మొదటిసారి తెలిసింది ఒక కల్పనలోంచి. 1865 నాటికి మాక్స్‌వెల్ ఆ సుడుల్ని పక్కన పెట్టేసి సమీకరణాలు మాత్రం ఉంచాడు, స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టు. ఇవాళ స్లాబుని చూసేవాళ్ళకి సెంట్రింగ్ గుర్తు రాదు. (మాక్స్‌వెల్ పద్యాలు కూడా రాశాడు. నాకైతే ఆ సుడులే ఆయన మంచి కవిత్వం.)

పద్యం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఇది నాకు ఇష్టమైన చోటు.

బడిలో "యమాతారాజభానసలగం" అని వల్లెవేసినవాళ్ళం చాలామందిమి. పది అక్షరాలు. అందులో వరసగా ఏ మూడు తీసుకున్నా, మొదటి అక్షరం పేరున్న గణం వస్తుంది. యమాతా అంటే లఘువు, గురువు, గురువు, అది య గణం. మాతారా మూడూ గురువులే, మ గణం. అలా సలగం దాకా ఎనిమిది గణాలూ పది అక్షరాల్లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ప్రోగ్రామింగ్ నా బతుకుతెరువు. అందులో పడ్డ చాలా ఏళ్ళకి తెలిసింది, ఇలా అన్ని కలయికల్నీ అతి పొట్టిగా ఒకే వరసలో ఇమిడ్చే అమరికకి గణితంలో డీ బ్రాయిన్ సీక్వెన్స్ అని పేరుందని, దానికి చుట్టమైన పద్ధతితోనే ముక్కలు ముక్కలుగా చదివిన డీఎన్‌ఏని అతికిస్తారని. తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పించింది ఇదా అని ఆశ్చర్యమేసింది.

ఛందస్సులోంచి పుట్టిన గణితం ఇంకా ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చు? పేర్పు చివర లఘువుంటే ముందున్నవి మూడు మాత్రలు, గురువుంటే రెండు మాత్రలు. కాబట్టి మూడింటి లెక్కా రెండింటి లెక్కా కూడితే చాలు. 1, 2, 3, 5, 8, 13... ఛందస్సు పండితుడు విరహాంకుడు దీన్ని చెప్పాడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు మళ్ళీ చెప్పాడు. 1202లో ఇటలీలో ఫిబొనాచీ కుందేళ్ళ లెక్కలో ఈ సంఖ్యలే వేశాడు, పేరు ఆయనకి పోయింది. అంతకు ఎంతో ముందే పింగళుడు లఘుగురువుల్ని వరసగా పేర్చి లెక్కపెట్టే పద్ధతులు రాసిపెట్టాడు. ఇవాళ కంప్యూటరు సున్నా, ఒకటితో చేసే పేర్పుకి అది దగ్గరి బంధువు. వీళ్ళెవరూ గణితాన్ని పద్యంలో పెట్టి తియ్యగా చేద్దామనుకోలేదు. పద్యం గురించే ఆలోచిస్తుంటే గణితం ఎదురొచ్చింది.

చదరంగం గళ్ళ లెక్క తెలుసు కదా, మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, తర్వాత నాలుగు, అలా 64 గళ్ళు. మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెల్నీ ఒక పాత తెలుగు పద్యం మాటల్లో మోస్తుంది. బాణం అంటే 5, చందమామ అంటే 1, ఆకాశం 0, వేదాలు 4, కొండలు 7, ఏనుగులు 8. అంకెలు చివరి నుంచి మొదటికి చదువుకోవాలి. బాణం, చందమామ, ఆరు, చందమామ, బాణం అని పద్యం ఎత్తుకుంటుంది. సంఖ్య చివర 51615 ఉంది చూడండి. ఈ పద్ధతిలో ఇంజనీరింగ్ ఉంది. ఇరవై అంకెల్ని చేత్తో ఎత్తి రాసుకుంటూ పోతే ఎక్కడో ఒక అంకె జారిపోతుంది, జారినట్టు తెలియదు కూడా. పద్యంలో ఒక మాట జారితే గణం కూలుతుంది, యతి తప్పుతుంది, చదివేవాడి చెవికి రాయి తగిలినట్టు తెలుస్తుంది. మేము ఫైళ్ళు పంపేటప్పుడు, దారిలో ఏదైనా మారిపోతే పట్టుకోవడానికి, చివర చెక్‌సమ్ అని ఒక సంఖ్య తగిలిస్తాం. ఛందస్సు అదే పని చేసేది. పూర్తిగా కాదనుకోండి. పద్యంలో రెండో బాణం దగ్గర "శర" బదులు "గిరి" (కొండ) అని పడితే రెండూ రెండేసి లఘువులే, యతిస్థానమూ ప్రాసస్థానమూ అక్కడ లేవు, ఛందస్సు కిక్కురుమనదు. ఐదు కాస్తా ఏడైపోతుంది. మా చెక్‌సమ్‌లకీ ఇలాంటి గుడ్డిచుక్కలు ఉన్నాయి లెండి.

ఇంతవరకు నావైపే మాట్లాడాను. ఎదుటివైపు వాదన కూడా గట్టిదే, దాని పేరు కెప్లర్, జర్మన్ ఖగోళవేత్త.

1596లో కెప్లర్‌కి ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. అప్పటికి తెలిసిన గ్రహాలు ఆరు, వాటి మధ్య ఖాళీలు ఐదు. ముఖాలన్నీ ఒకే రకం సమబహుభుజాలై, ప్రతి మూలా ఒకేలా ఉండే ఘనాలు కూడా లోకంలో ఐదే. ఒకదానిలో ఒకటి అమర్చితే గ్రహాల దూరాలు వస్తాయన్నాడు. ఆ బొమ్మ ఇవాళ చూసినా మతిపోతుంది. అంతా తప్పు. అందం ఆయన్ని నిలువునా మోసం చేసింది. తర్వాత ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ కొలతలు చేతికొచ్చాయి. అంగారకుడి దారిని వృత్తాలతో సరిపెట్టడానికి ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, చివరికి లెక్కకీ కొలతకీ తేడాని 8 నిమిషాల కోణానికి తెచ్చాడు. అంటే నిండు చందమామ వెడల్పులో పావు వంతు. ఇంకొకరైతే సర్దుకుపోయేవాళ్ళు. కెప్లర్ టైకో కొలతల్ని నమ్మి, తన కష్టాన్నంతా చెత్తబుట్టలో పడేశాడు. 1609లో దీర్ఘవృత్తం బయటికొచ్చింది.

ఈ 8 నిమిషాలూ సైన్సు సొంత ఆస్తి. కవిత్వంలో ఇలాంటిది లేదు. కవి పోలిక 8 నిమిషాలు తప్పితే ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోకూడదు కూడా. "శాస్త్రవేత్తలూ కవులూ చేసేది ఒకటే" అని మురిసిపోయేవాళ్ళ దగ్గర ఈ కథ చెప్పాలనిపిస్తుంది. ఒకటి కాదు. కానీ కెప్లర్ ఆ దెబ్బతో సౌందర్యాన్ని వదిలేసి బుద్ధిమంతుడయ్యాడనుకుంటే అదీ తప్పే. 1619లో గ్రహాలు ఏ స్వరాలు పాడుతున్నాయో లెక్కలు వేస్తూ పుస్తకం రాశాడు. ఆ స్వరాల మధ్యలోనే ఉంది ఆయన మూడో నియమం, తిరిగే కాలం వర్గానికీ దూరం ఘనానికీ ఉన్న సంబంధం. పాట పోయింది, నియమం మిగిలింది. పాట వెతక్కపోతే ఆ నియమం అప్పుడు దొరికేదా? నాకు అనుమానమే.

కవుల వైపు నుంచి వచ్చే ఫిర్యాదు తెలిసిందే. 1817 డిసెంబరులో లండన్‌లో ఓ చిత్రకారుడి ఇంట్లో విందు జరిగితే, కీట్స్ మిత్రులతో కలిసి న్యూటన్ హరివిల్లుని పట్టకంలో పెట్టి దాని కవిత్వాన్ని చంపేశాడని ఆడిపోసుకున్నాడు. కీట్స్ అప్పటికి వైద్యం చదివి లైసెన్సు తీసుకున్నవాడు, సైన్సు తెలియనివాడు కాదు. ఆ విందులో ఎవరికీ తట్టని విషయం ఒకటుంది. హరివిల్లులో రంగుల మధ్య గీతలుండవు, ఒకదాంట్లోకి ఒకటి జారిపోతుంటాయి. న్యూటన్ మొదట ఐదు రంగులే చెప్పాడు. సంగీతంలో స్వరాలు ఏడు కాబట్టి, ఆ మధ్యదూరాలతో పొత్తు కుదరాలని ఏడు చేశాడు. ప్రపంచమంతా పిల్లలు వల్లెవేసే ఆ ఏడులో ఒక పాట దాక్కుని ఉంది, పెట్టింది న్యూటనే. కవిత్వాన్ని చంపినవాడు చేసే పనేనా ఇది!

ఇక పద్నాలుగో శతాబ్దం మొదట్లోనే పర్షియాలో కమాలుద్దీన్ అల్ ఫారిసీ, జర్మనీలో థియోడొరిక్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, నీళ్ళు నింపిన గాజుగోళాన్ని పెద్ద వానచినుకు అనుకుని హరివిల్లు గుట్టు విప్పారు. దాన్నిబట్టి తెలిసేదేంటంటే, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి మీ కంటికి సుమారు 42 డిగ్రీల కోణంలో ఉన్న చినుకులే మీ హరివిల్లు. పక్కన నిలబడ్డ మనిషిది వేరే చినుకుల హరివిల్లు. అసలు మీ కుడికన్నుదీ ఎడమకన్నుదీ ఒకటి కాదు. చేతులు పట్టుకుని నిలబడి ఇద్దరూ ఒకే హరివిల్లుని చూస్తున్నామనుకునే ప్రేమికుల మీద దీనికంటే పదునైన కవిత ఏ కవి రాశాడు?

ప్రగతి అనే మాట మీద ఒక్క మాట. కళలో ప్రగతి లేదు. న్యూటన్ గురుత్వం తర్వాత ఐన్‌స్టైన్ వచ్చి దాన్ని సవరించాడు, విద్యార్థి న్యూటన్ పుస్తకం తెరవకుండానే ఫిజిక్సు చదువుకోవచ్చు. కవిత్వం అలా పాతపడదు. వెయ్యేళ్ళ కిందటి పద్యాన్ని నిన్నటి కవిత సవరించలేదు. కాబట్టి మూడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ముందుకు నడుస్తున్నాయనే బొమ్మ నాకు నచ్చదు. సైన్సు నడుస్తుంది, కళ ఉన్నచోటే తవ్వుతుంది.

సైన్సు దారి తప్పితే కవులు సరిచేస్తారు అనే మాట కూడా వింటుంటాను. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే దారి కనిపెట్టి కోట్లమందికి తిండిపెట్టిన ఫ్రిట్జ్ హేబరే 1915లో యుద్ధంలోకి క్లోరిన్ వాయువుని తీసుకెళ్ళాడు. విషవాయువులో చచ్చిపోతున్న సైనికుడి గురించి రాసిన కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఆ యుద్ధం ముగియడానికి వారం ముందు చనిపోయాడు. కవిత వాయువుని ఆపలేదు. అంతకంటే ముందు, 1909లో ఇటలీ ఫ్యూచరిస్టు కవులు యుద్ధాన్ని లోకానికి పట్టిన దుమ్ము దులిపే చీపురులా పొగిడారు. కళ దగ్గర మనస్సాక్షి తాళాలేమీ లేవు. కానీ ఎన్ని మిల్లీగ్రాములకి మనిషి చస్తాడో చెప్పే పట్టికలో ఆ చావు ఎలా ఉంటుందో లేదు, అది ఆ కవితలో ఉంది. రెండూ చదివినవాడికీ ఒకటే చదివినవాడికీ తేడా ఉంటుందని నమ్ముతాను. రుజువు అడిగితే ఇవ్వలేను.

కుర్రతనంలో ఓడ మీద వెళ్ళిన ప్రతిచోటికీ మిల్టన్ కావ్యాన్ని వెంట తీసుకెళ్ళిన డార్విన్, ముసలితనంలో ఒక్క పంక్తి కవిత్వం కూడా చదవలేకపోతున్నానని రాసుకున్నాడు. తన బుర్ర గుట్టలుగా పోసిన వాస్తవాల్లోంచి సూత్రాలు విసిరే తిరగలి అయిపోయిందని, మళ్ళీ బతికే అవకాశం వస్తే వారానికి ఒకసారైనా కొంత కవిత్వం చదివి కొంత సంగీతం వినేలా నియమం పెట్టుకుంటానని. అది చదివి నేనూ అలాంటి నియమం పెట్టుకున్నాను. మూడు వారాలు నడిచింది.

నియమం పోయినా ఒక పని మాత్రం చేశాను. మొన్నామధ్య మా అమ్మాయి కోసం కొన్న చిన్న మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి, తెల్లకాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఈసారి వెనక క్యూ లేదు. పావుగంట చూశాక గళ్ళు తేలాయి. ఇటుకల్లా లేవు, ఒకటి లావు, ఒకటి సన్నం, కొన్ని చివర్లు కోసుగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట నల్లటి మందమైన అంచుతో ఓ పెద్ద గుండ్రటి ఆకారం. దాన్ని ఎంతో శ్రద్ధగా నీడతో సహా గీసి, బాణం వేసి, "కేంద్రకం" అని రాశాను. స్లైడుని కాస్త జరిపితే అది గడుల గోడల్ని దాటుకుంటూ పక్కకి జారింది. గాలిబుడగ. అసలు కేంద్రకం పక్క గడిలో, గోడకి ఆనుకుని, పాలిపోయిన చిన్న మరకలా ఉంది. నేను దాన్ని గీయనే లేదు. రబ్బరు కోసం అమ్మాయి కంపాస్ బాక్స్ వెతకడం మొదలుపెట్టాను.